ఏ లాయరు మంచివాడో ఎవరు చెప్పాలి?

సంపాదకులకు,

సరైన లాయరును ఎంచుకోవడం ఎలా అంటూ మీరు వేసిన వ్యాసం వచ్చి వారం దాటింది. ఎవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు. లాయరు అనుభవం చూడాలట, గెలిచిన కేసులు తెలుసుకోవాలట, నలుగురితో పోల్చి చూసుకోవాలట. బాగుంది. ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయో మాత్రం రాయలేదు.

లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ 36వ నిబంధన ప్రకారం లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. 2008లో కాస్త సడలించి పేరు, చిరునామా, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, చదువు, ఎలాంటి కేసులు చూస్తారో వెబ్‌సైటులో పెట్టుకోవచ్చన్నారు. గెలుపోటముల సంగతి అందులో లేదు. వకీలు పని వ్యాపారం కాదన్న మాటను నేనూ కాదనను. కానీ చివరికి జరుగుతున్నదేమిటి? కోర్టు గేటు దగ్గర నిలబడే మనిషి ఎవరి దగ్గరికి తీసుకెళ్తే వాళ్లే మన లాయరు. దళారుల ద్వారా కేసులు తెచ్చుకోవడాన్నీ అదే నిబంధన తప్పంటోంది. అడ్వకేట్స్ చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం హైకోర్టులు, జిల్లా జడ్జిలు దళారుల జాబితా తయారుచేసి ప్రకటించవచ్చు. దాన్ని కోర్టులో వేలాడదీయాలి కూడా. శిక్ష మూడు నెలల దాకా జైలు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ జాబితా వేలాడుతుంటే చూసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి ఈ పత్రికకే రాయండి.

వకాల్తా మీద సంతకం పెట్టాక మొదలయ్యేది వేరే కథ. మాట్లాడుకున్నది సీనియర్‌తో, వాయిదాకు వచ్చేది ఫైలు తెరిచి చూడని జూనియర్. మా బంధువుల భూమి కేసు ఇలాగే ఎక్స్‌పార్టీ అయింది, అంటే మనవైపు వాదన వినకుండానే తేలిపోయింది. లాయరును మార్చుకుంటామంటే ముందు బాకీ ఫీజు కట్టమని ఫైలు దగ్గర పెట్టుకున్నాడు. ఫీజు కోసం కక్షిదారు కాగితాలు ఆపే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. మీ వ్యాసంలో ఈ ఒక్క ముక్క ఉన్నా పదిమందికి పనికొచ్చేది. కేసు గెలిస్తేనే ఫీజు, వచ్చినదాంట్లో ఇంత వాటా అని లాయరు బేరం పెట్టకూడదన్న నిబంధన కూడా ఉంది. ఎంతమందికి తెలుసు?

పోనీ వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చేసింది. మిగిలింది అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. అక్కడ విచారించేదీ లాయర్లే. ఏడాదిలోగా తేల్చకపోతే అది ఢిల్లీలోని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు వెళ్తుంది. ముసలివాళ్లు ఢిల్లీ దాకా తిరుగుతారా? ఏ ఆఫీసులో చూసినా ఇదే వరస, నిబంధన పుస్తకంలో, మనిషి వరండాలో.

ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల సంగతి మీ వ్యాసంలో అసలే లేదు. మహిళలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. సినిమా తారల పెళ్లిళ్లకు సగం పేజీ ఇచ్చే పత్రికకు ఈ నంబరు వేయడానికి చోటు లేకపోయింది.

కాబట్టి ఒక పని చేయండి. లాయర్ల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ఏడాదిలోగా తేలాయి, ఎంతమంది సన్నదు (లాయరుగా పనిచేసే అనుమతి) పోయింది అని మీ విలేకరితో బార్ కౌన్సిల్‌ను అడిగించండి. ఆయనకైతే చెబుతారేమో. మాబోటివాళ్లు అడిగితే ఆర్టీఐ పెట్టుకోమంటారు.

– ఒక పాఠకుడు