ఒప్పుకోలుతో మోటార్లు దొరకవు

సంపాదకులు గారికి,

మా రొయ్యల చెరువు మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు ఎత్తుకుపోయారు. ఫిర్యాదు ఇచ్చింది నేనే. పోలీసులు వచ్చి ముందుగా తీసుకెళ్లింది మా కాపలా తాతని. అరవై దాటిన మనిషి. రాత్రంతా స్టేషన్ వరండాలో కూర్చోబెట్టి ‘ఒప్పేసుకో, వదిలేస్తాం’ అన్నారట. అరెస్టు చూపలేదు, నోటీసూ లేదు.

గట్టు మీద ఆటో టైర్ల అచ్చులు స్పష్టంగా ఉన్నాయి. మేత లారీ వచ్చి తొక్కేసేదాకా ఎవరూ ఫొటో తీయలేదు. మలుపులో ఐస్ ఫ్యాక్టరీ కెమెరా ఉంది, అదీ చూడలేదు. మోటారు ఎత్తుకెళ్లేది లోపలి రాగి తీగ కోసమని ఇక్కడ చెరువులున్న వాళ్లందరికీ తెలుసు. మరి పాత ఇనుము కొట్లకెందుకు వెళ్లరు?

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత (పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) 179వ సెక్షన్ ప్రకారం అరవై దాటిన సాక్షిని, ఆయన ఇష్టపడితే తప్ప, స్టేషన్‌కు రప్పించకూడదు. ఇంటికే వెళ్లి అడగాలి. అనుమానితుడంటారా, అరెస్టు అక్కర్లేనప్పుడు అదే చట్టం 35(3) సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. పోనీ తాత భయపడి ఒప్పుకున్నాడే అనుకుందాం, పోలీసుకు చెప్పిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు కదా!

సిబ్బంది తక్కువే, ఉన్నవాళ్లు బందోబస్తులకే చాలరు. కాదనను. కానీ వరండాలతో సహా స్టేషన్ అంతటా సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఆ రాత్రి రికార్డింగు చెరిగిపోకముందే ఎస్పీ గారు తెప్పించుకుని చూడాలని కోరుతున్నాను.

– ఒక ఆక్వా రైతు, భీమవరం ప్రాంతం