కార్డు మెషీన్ కోతలు: ఆదివారం కలుద్దాం

ప్రకాశం బజార్ షాపుల వాళ్లందరికీ నమస్తే.

ఈ ఆదివారం పొద్దున 8 గంటలకు, షట్టర్లు తీయకముందే, మన సంఘం ఆఫీసులో కలుస్తున్నాం. కస్టమర్ ఎలా కడితే మనకు ఎంత కోత పడుతుందో లెక్క చూసుకుందాం.

2020 జనవరి నుంచి మామూలు యూపీఐకి, రూపే డెబిట్ కార్డుకి మన మీద ఎండీఆర్ (ప్రతి బిల్లు మీద బ్యాంకు మన దగ్గర కోసుకునే ఛార్జీ) లేదు. మిగతా డెబిట్ కార్డులకు రిజర్వ్ బ్యాంక్ పరిమితి పెట్టింది: ఏడాది టర్నోవర్ 20 లక్షల లోపైతే 0.40 శాతం, దాటితే 0.90 శాతం మించకూడదు.

అసలు దెబ్బ క్రెడిట్ కార్డుతోనే. దానికి పరిమితి లేదు, బ్యాంకుతో మనం ఒప్పుకున్నదే రేటు. 10,000 రూపాయల చీరల బిల్లుకు 2 శాతమంటే 200 రూపాయలు, దానిమీద జీఎస్టీ ఇంకో 36. మన మార్జిన్‌లోంచే పోతుంది ఇదంతా! పది షాపులు కలిసి అడిగితే రేటు తగ్గుతుందని నా నమ్మకం.

యూపీఐలో కూడా రూపే క్రెడిట్ కార్డు, వాలెట్ ద్వారా పెద్ద మొత్తాలు వస్తే ఛార్జీ పడొచ్చు, చూసుకోండి.

గత నెల మెషీన్ స్టేట్‌మెంట్ తప్పకుండా తెండి. సౌండ్ బాక్స్ అద్దె ఎంత కడుతున్నారో కూడా రాసుకొని రండి. రాలేనివాళ్లు ఖాతా నంబర్ కప్పేసి, స్టేట్‌మెంట్ ఫోటో శనివారం రాత్రిలోపు నాకు విడిగా పంపండి, గ్రూప్‌లో వద్దు.

ఇంకో మాట: యూపీఐకి, డెబిట్ కార్డుకి కస్టమర్ దగ్గర ఎక్స్‌ట్రా తీసుకోకండి, అది రూల్స్‌కి విరుద్ధం.

వచ్చేవాళ్లు 👍 పెట్టండి, కుర్చీలు చూసుకోవాలి.