ఆ పొడిని తాగునీటిలో కలపకండి

సంపాదకులకు నమస్కారం.

వేపాకు పొడి నీళ్లలోని సీసాన్ని (లెడ్) 95 శాతం లాగేస్తుందని విద్యార్థుల ప్రాజెక్టు గురించి మీ పత్రికలో వార్త వచ్చింది. అది చదివి మా వీధిలో ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చారు. "బోరు నీళ్ల డ్రమ్ములో ఆ పొడి కలుపుకోవచ్చా మేడం?" అని అడిగారు. వద్దని గట్టిగా చెప్పాను. మిగతా పాఠకులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. చింతగింజల తొక్క, వరి ఊక, వేరుశనగ పొట్టుతో ఇలాంటి ప్రాజెక్టులు ఎన్నో చేయించాను. పిల్లలు ఎండబెట్టి, నూరి, జల్లెడ పట్టి, షేకర్ మీద గంటల తరబడి తిప్పి చేసే పని అది. అందులోని సైన్సు నిజమే. ఆ పొడిలో ఉండే కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ అనే రసాయన గ్రూపులు నీళ్లలో కరిగిన సీసం, రాగి, కాడ్మియం అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న కణాలను, పట్టుకుంటాయి. కానీ నీటిలో ఆమ్లం పెరిగితే హైడ్రోజన్ అయాన్లు పోటీకి వస్తాయి, లోహం అంటుకోదు. హెక్సావలెంట్ క్రోమియం అనే విషపు క్రోమియం రూపం తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దానికి ఆమ్లమే కావాలి, పీహెచ్ 2 దగ్గర, అంటే నీటిలో ఆమ్లం చాలా ఎక్కువున్నప్పుడు, బాగా అంటుకుంటుంది. అన్ని లోహాలనూ ఒకే నీటిలో ఒకే పొడి తీసేస్తుందనుకోవడం కుదరదు.

ఇక ఆ 95 శాతం సంగతి. కాలేజీ ల్యాబ్‌లో సాధారణంగా డిస్టిల్డ్ వాటర్‌లో లెడ్ నైట్రేట్ అనే సీసపు లవణం కరిగించి, లీటరుకు 50, 100 మిల్లీగ్రాముల సీసం ఉండేలా ద్రావణం చేస్తారు. 100లో 95 శాతం పోతే 5 మిల్లీగ్రాములు మిగులుతుంది. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. అంటే ఆ 'శుద్ధి' అయిన నీటిలో హద్దుకు 500 రెట్ల సీసం ఉన్నట్టు! పైగా మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. పొడి మీది చోటు కోసం అవీ పోటీ పడతాయి. పచ్చి ఆకు పొడి నీటికి రంగు, వగరు ఇస్తుంది, నిలవ ఉంచితే వాసన వస్తుంది. కాచినా లోహం పోదు. బోరు నీటి మీద అనుమానం ఉంటే ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోండి. సీసం హద్దు దాటిందని తేలితే తాగడానికి, వంటకు ఆ నీళ్లు మానేయండి.

ఈ పొడులకు సరైన చోటు వేరే ఉందని నా నమ్మకం. లోహపు పూత వేసే చిన్న చిన్న ప్లేటింగ్ షెడ్లలో కడిగిన నీళ్లకు ముందు సున్నం కలిపి లోహాన్ని అడుక్కు దింపాలి. ఆ తర్వాత మిగిలిన కాస్తను పట్టడానికి శుద్ధి చేసిన ఊక పనికొస్తుంది. చవక, దగ్గర్లోనే దొరుకుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల నికెల్ ఉన్న వెయ్యి లీటర్లలో 5 గ్రాముల నికెల్ ఉంటుంది. గ్రాముకు 10 మిల్లీగ్రాములు పట్టే ఊకైతే కనీసం అరకిలో కావాలి.

ఆ అరకిలో ఊకను తర్వాత ఏం చేస్తారు? ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ ఒక్క మాట కనబడక నాకు దిగులేసేది. నికెల్ ఎక్కడికీ పోలేదు, ఊక మీదికి చేరింది, అంతే. కుప్పలో పారేస్తే మళ్లీ నేలలోకి దిగుతుంది, పొయ్యిలో పెడితే బూడిదలో మిగులుతుంది. ఆమ్లంతో కడిగితే ఊక మళ్లీ పనికొస్తుంది కానీ లోహం ఆ ఆమ్లంలోకి వస్తుంది, దాన్నీ శుద్ధి చేయాల్సిందే. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు ఉన్నది ఇలాంటి వాటి కోసమే.

ప్రాజెక్టులు చేయించే అధ్యాపకులకు నా విన్నపం: డిస్టిల్డ్ వాటర్‌తో ఆపకండి, ఊళ్లోని నిజమైన నీళ్లు తెచ్చి చేయించండి. వాడేసిన పొడిని ఎక్కడికి పంపారో రిపోర్టులో రాయించండి. మీ విలేకరులు కూడా ఎంత శాతం పోయిందని కాకుండా, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు మిగిలిందని అడిగి, ఆ అంకె పక్కనే తాగునీటి హద్దునూ వేయాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకురాలు, సంగారెడ్డి