మా తమ్ముడి చేత ఒట్టు వేయించని సైకాలజిస్టు గారికి కృతజ్ఞతలు

"రాయి అక్కా, పేర్లు మాత్రం వద్దు" అని మా తమ్ముడు అనుమతి ఇచ్చాకే ఇది రాస్తున్నాను. వాడు ఈ సోమవారం తిరిగి ఉద్యోగంలో చేరాడు.

మేడం, ఆత్మహత్యాయత్నం చేసినవారికి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక తొలి వారాలే ఎక్కువ ప్రమాదమని మీరు మొదటి రోజే చెప్పారు. వాడి అంగీకారం తీసుకుని మమ్మల్ని లోపలికి పిలిచారు. ప్రాణాపాయం అనిపిస్తే తప్ప వాడు చెప్పిన మాటలు మాకు చెప్పనని వాడి ఎదుటే స్పష్టం చేశారు. ఆ మాటతోనే వాడికి మీ మీద నమ్మకం కుదిరింది.

"చనిపోవాలన్న ఆలోచన ఇప్పటికీ వస్తోందా?" అని సూటిగా అడిగారు. అమ్మ ఉలిక్కిపడింది. అలా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని ఆమెకు ఓపిగ్గా వివరించారు. వాడు తలదించుకునే "వస్తోంది" అన్నాడు. మీరు కంగారు పడలేదు, నీతులు చెప్పలేదు. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అని అడుగుతూ పోయారు.

ఇక నాన్నేమో, ఇంకెప్పుడూ అలా చేయనని అమ్మ తల మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టమని వాడిని అడిగారు. మన ఇళ్లలో ఇది మామూలే. మీరు వద్దన్నారు. ఒట్టు వేసినవాడు మళ్లీ ఆ ఆలోచన వస్తే భయపడి దాచుకుంటాడన్నారు. దానికి బదులు వాడి చేతికి కాగితం, కలం ఇచ్చారు. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన భద్రతా ప్రణాళిక అది. "రాత్రి మెలకువ వచ్చి అప్పుల లెక్కలు తలలో తిరగడం మొదలైతే" అని మొదటి వరుసలో వాడే రాశాడు. దాని కింద తనంతట తాను చేయగలిగేవి, వెళ్లి కూర్చోగలిగే చోట్లు, ఫోను చేయదగిన మనుషులు, చివరగా మీ నంబరు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416. ఇంట్లో ప్రమాదకరమైనవేవీ అందుబాటులో లేకుండా చూసే పని నాకు అప్పగించారు. ఆ కాగితం ఇప్పటికీ వాడి పర్సులోనే ఉంది.

పోలీసు కేసు భయంతో నాన్నకు నిద్ర ఉండేది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించడానికి వీల్లేదని చదివి వినిపించారు. ఆ రాత్రి ఆయన కడుపునిండా భోంచేశారు.

ఒకసారి వాడు రానని మొండికేస్తే, మీరే ఫోను చేసి "మీ కోసం ఎదురుచూస్తున్నాను" అన్నారు. గంటలో బయల్దేరాడు. ఆ ఫోనుకు మా ఇల్లంతా మీకు రుణపడి ఉంది.

ఓ అర్ధరాత్రి వాడితో తెలుగులో నిదానంగా మాట్లాడిన టెలీ మానస్ కౌన్సెలర్ గారికీ నమస్కారాలు. ఆ సేవ ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది. ఇది చదువుతున్నవారికి ఒక మాట: మీ ఇంట్లో ఎవరి గురించైనా బెంగగా ఉంటే మీరు కూడా 14416కు ఫోను చేయవచ్చు.