మూలిగే పంపు

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. గేటు వాల్వు దాదాపు మూసేస్తే బావి మీది పంపు ఎందుకు మూలుగుతుందో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. నా సంగతి తెలిసి కూడా!

పంపులోకి వచ్చే నీళ్లు తగ్గితే, లోపల గిరగిరా తిరుగుతూ నీటిని తోసే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, దాని రెక్కను అవి తాకే కోణం మారిపోతుంది. రెక్క వంపును అంటిపెట్టుకుని పారవలసిన నీరు విడిపోయి సుడులు తిరుగుతుంది. ఆ మూలుగు అక్కడిదే. ఇది పాఠాల్లో చదివిందే. నేను బోల్తా పడింది ఆ తర్వాత.

మా ప్రయోగశాలలోని ఇంపెల్లర్‌కు 6 రెక్కలు, వాటి మధ్య 6 దారులు, అన్నీ ఒకే అచ్చు. అందుకని ఒక్క దారినే కంప్యూటర్‌లో గీసి, మిగతా అయిదూ అలాగే ఉంటాయని సాఫ్ట్‌వేర్‌కు చెప్పేశాను. ఆరో వంతు పనితో సరి. వచ్చిన బొమ్మ ఎంత ముచ్చటగా ఉందంటే గోడకు అంటించుకున్నాను.

ఇక కొలతలు. మీ పెంకుటింట్లో కప్పు చిల్లులోంచి ఎండ పడితే దుమ్ము మెరిసేది గుర్తుందా? మా పద్ధతీ అంతే. ఇంపెల్లర్‌ను పారదర్శకమైన యాక్రిలిక్‌తో చేసి, నీళ్లలో కంటికి ఆనని బోలు గాజు గుళికలు కలిపి, లేజరు కాంతిని పలుచని రేకులా పరుస్తాం. వెంటవెంటనే రెండు ఫోటోలు తీసి, గుళికల గుంపు ఎంత జరిగిందో చూసి వేగం లెక్కగడతాం. 200 మిల్లీమీటర్ల ఇంపెల్లర్ నిమిషానికి 1440 సార్లు తిరిగితే దాని అంచు సెకనుకు 15 మీటర్లు పోతుంది. ఫోటోల మధ్య సెకనులో 10,000వ వంతు గడిచినా 1.5 మిల్లీమీటర్లు దాటేస్తుంది. రెక్కల అంచుల మీద లేజరు మెరిసి కెమెరాను గుడ్డిదాన్ని చేస్తుంటే, వాటికి నల్ల రంగు పూయడానికే రెండు వారాలు పట్టింది.

ప్రవాహాన్ని పావు వంతుకు తగ్గించి చూస్తే ఒక దారి చక్కగా పారుతోంది, పక్కది సుడులతో మూసుకుపోయింది, ఆ పక్కది మళ్లీ బాగుంది! మూసుకుపోయిన దారి తన నీటిని పక్కదానికి నెడుతుంది, దాంతో అక్కడ కోణం సరిపోతుంది. ఒక పిల్లకాలువ పూడితే పక్క కాలువ నిండుగా పారదూ, అలా. నా లెక్కకు ఇది దొరికే వీలే లేదు. తేడా ఉండదని ముందే చెప్పింది నేనే కదా.

తమాషా ఏమిటంటే, డెన్మార్క్ పరిశోధకులు 2003లోనే 6 రెక్కల ఇంపెల్లర్‌లో సరిగ్గా దీన్నే కొలిచి ప్రచురించారు. పక్కపక్క దారులు రెండింటినీ కలిపి, పెద్ద సుడులను క్షణక్షణం లెక్కించే పద్ధతిలో చేస్తే కంప్యూటర్‌లోనూ కనబడింది. మా గైడుగారు నన్నేమీ అనలేదు. ఆ వ్యాసాన్ని నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

నీ పంపు సంగతికొస్తే, వాల్వు బాగా తెరిచి ఉంచు. మిగిలే నీటిని మరో గొట్టంతో బావిలోకే వదిలెయ్. కరెంటు కాస్త వృథా అవుతుంది కానీ పంపు బతుకుతుంది. అన్నట్టు, ఆ చప్పుడు గులకరాళ్లు దొర్లినట్టుంటే మాత్రం నేను చెప్పిందంతా పక్కన పెట్టి, బావిలో మునిగి ఉండే గొట్టం అడుగునున్న ఫుట్ వాల్వు జల్లెడకు నాచు పట్టిందేమో చూడు. లాగడానికి నీరు చాలకపోతే లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి.

అత్తయ్యగారికి నమస్కారాలు.

నీ
శ్రీను