తొమ్మిది మోటార్లు ఇంకా మా షెడ్డులోనే ఎందుకున్నాయంటే

కార్తీకం మొదటి ఆదివారానికల్లా మీ పడవలకు మోటార్లు బిగించి ఇస్తానని జూలైలో మాటిచ్చాను. ఇవ్వలేకపోయాను. వరదలు తగ్గేదాకా దాచమని మీరు భవానీపురం షెడ్డులో అప్పజెప్పిన ఓబీఎంలు, అంటే పడవ వెనక తగిలించే మోటార్లు, పద్నాలుగు. వాటిలో ఐదు రెండు మూడు లాగులకే అందుకున్నాయి. మిగతా తొమ్మిదీ తాడు లాగి లాగి మా భుజాలు పడిపోయినా ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. "కృష్ణ ఒడ్డున షెడ్డు కదా, నీళ్లెక్కి ఉంటాయి, చెప్పకుండా దాస్తున్నాడు" అని మన వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టాడు. పేరు ఇక్కడ రాయను. నీళ్లెక్కలేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఎందుకైనా మంచిదని రాత్రికి రాత్రి మీ మోటార్లన్నీ మా మేడ మీదికి మోయించినవాణ్ణి నేను. ఆ ఏడాది ఒక్కటీ మొరాయించలేదు, కానీ అది ఎవరికీ గుర్తుండదు కదా.

అసలు జరిగింది చెబుతాను. మోటారుతో వచ్చే పుస్తకంలో చలికాలానికి ముందు ఏం చేయాలో రాసి ఉంటుంది, అవి నదులు గడ్డకట్టే దేశాల సంగతులు. మనకు చలి లేదు, వరద ఉంది. పని మాత్రం అదే. నేను ప్రతి జూలైలో మోటారును నీళ్ల డ్రమ్ములో పెట్టి నడిపి, పెట్రోలు పైపు పీకేసి, దానంతట అది ఆగేదాకా వదిలేస్తాను. అప్పుడు పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ దాదాపు ఖాళీ అవుతుంది. దాని అడుగున పెట్రోలు నిలిచే గిన్నెను బౌల్ అంటాం, అందులో మిగిలిన చెంచాడు బౌల్ స్క్రూ తిప్పితే కారిపోతుంది. ప్లగ్గులు విప్పి, లోపల కాస్త ఆయిల్ పోసి, తాడు మెల్లగా రెండుసార్లు లాగి, మళ్లీ ప్లగ్గులు బిగించి నిలబెడతాను. ఈసారి అమ్మకు ఒంట్లో బాగోక నాలుగు రోజులు గుంటూరు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ఆ నాలుగు రోజుల్లో మా కుర్రాళ్లు తొమ్మిది మోటార్లు శుభ్రంగా కడిగారు, డ్రమ్ములో నడిపారు, స్విచ్ నొక్కి ఆపారు. పైపు పీకలేదు. పీకాలని నేను చెప్పలేదు, ఎప్పుడూ నా చేత్తోనే చేసుకుంటాను కాబట్టి వాళ్లకు తెలియదు. తప్పు నాది.

మూడు నెలలు ఆ పెట్రోలు బౌల్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌కు గాల్లో తేమ లాక్కునే గుణం ఉంది, వానాకాలం గాలి ఎలా ఉంటుందో మీకు తెలిసిందే. మొదటి మోటారు బౌల్ విప్పినప్పుడు అల్లం టీ రంగులో చిక్కటి జిగురు, అడుగున సున్నంలా తెల్లటి పొడి, పాత వార్నిష్ డబ్బా మూత తీసినట్టు వాసన. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు పెట్రోలు వెళ్లే ఐడిల్ జెట్ రంధ్రం వెంట్రుక సైజులో ఉంటుంది, వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తే చుక్కంత కాంతి కనపడాలి. తొమ్మిదింటిలో ఒక్కదాంట్లోనూ కనపడలేదు.

ఇంతవరకు అయితే భయపడాల్సిన పని కాదు. విప్పి, కార్బ్ క్లీనర్ కొట్టి, గాలి పట్టి, వాషర్లూ, బౌల్‌లోకి పెట్రోలును వదిలే, ఆపే సూదుల్లాంటి నీడిల్ వాల్వులూ కొత్తవి వేస్తే రెండు మూడు రోజుల్లో అన్నీ అయిపోయేవి. ఆ కొత్తవి దగ్గరే నా కొంప మునిగింది.

ఎనిమిదేళ్లుగా ఒకే డీలరు దగ్గర సామాను తెప్పిస్తున్నాను. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు, ఒక్క పెట్టె వెనక్కి పంపలేదు. తొమ్మిది కిట్లు పంపించాడు, అదే పెట్టె, అదే స్టిక్కరు, అదే పార్టు నంబరు, అదే ధర. రెండు మోటార్లకు బిగించాను. డ్రమ్ములో గంటసేపు చక్కగా పాడాయి. ఇచ్చేశాను. మూడో రోజు ఒకటి పున్నమి ఘాట్‌కూ భవానీ ద్వీపానికీ మధ్య ఆగిపోయింది. పడవలో అతనూ, అతని పిల్లాడూ, వలలూ. అదృష్టం, తెడ్డు ఉంది. వేసుకుంటూ ఒడ్డుకొచ్చాడు. మోటారును ఆటోలో తెచ్చి షెడ్డులో దించి, "చూడు బాబాయ్" అని ఒక్క మాటన్నాడు, టీ తాగి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి విప్పి చూస్తే నీడిల్ చివర ఉండే రబ్బరు ఉబ్బి, సీటులో ఇరుక్కుపోయి ఉంది. ఇరుక్కుంటే బౌల్‌లోకి పెట్రోలు దిగదు. అనుమానమొచ్చి ఇంకో కిట్‌లోని బౌల్ వాషరునూ, నా సొరుగులో మిగిలిన పాత ఒరిజినల్ వాషరునూ హార్లిక్స్ సీసాలో పెట్రోలు పోసి నానేశాను. తెల్లారి తీసి గాడిలో పెడితే ఒరిజినల్‌ది కుదురుగా కూర్చుంది. కిట్‌లోది సాగిపోయి, వేయించిన అప్పడంలా అంచులు లేచి నిలబడింది. ఫొటో తీసి డీలరుకు పంపాను. "ఈ మధ్య అందరికీ ఇవే పంపుతున్నాం, ఎవరూ కంప్లయింట్ ఇవ్వలేదండీ" అన్నాడు. అందరికీ పంపుతున్నాడంట! ఒరిజినల్ ధర తీసుకుని డూప్లికేట్ పంపినందుకు కనీసం సారీ కూడా లేదు. వచ్చే నెల డిస్కౌంటు ఇస్తానన్నాడు. ఊరికే ఇచ్చినా ఆయన దగ్గర ఇక వాషరు కూడా కొనను. మా ఆవిడ అంత పంతం దేనికంటుంది. ఉండనీ.

ఇక్కడ మీకు చెప్పాల్సిన విషయం ఇంకొకటుంది. ఆ కిట్టే వేసిన రెండో మోటారు అప్పటికి నీళ్ల మీద బ్రహ్మాండంగా తిరుగుతోంది. దాని యజమానికి కార్తీకమాసమంటే ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు మిగిలే నెల. పిలిచి ఆపేయమంటే అతని నోటి దగ్గర కూడు లాగేసినట్టే. పిలవకపోతే? ఒకవేళ దాని రబ్బరు ఉబ్బదేమో, నెల గడిచిపోతుందేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే రెండు రోజులు ఫోన్ చేయలేదు. మీకు ఇది నచ్చదు, నాకూ నచ్చలేదు. 2017 నవంబరు 12న, ఇలాంటి కార్తీక ఆదివారమే, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. అది మోటారు చెడిపోయి జరిగింది కాదు, నాకు తెలుసు. కానీ ఆ సాయంత్రం ఒడ్డున నిలబడి చూసినవాడికి అలాంటి లెక్కలు పనిచేయవు. మూడో రోజు తెల్లవారుజామున ఐదున్నరకు ఫోన్ చేసి, ఇవాళ తియ్యొద్దు, మోటారు వెనక్కి తెచ్చెయ్యమన్నాను. గట్టిగానే తిట్టాడు. తెచ్చి ఇచ్చాడు.

అలా మళ్లీ తొమ్మిదీ షెడ్డులోకి చేరాయి. కంపెనీ డీలరు దగ్గర ఒరిజినల్ కిట్లకు డబ్బు కట్టాను, విశాఖ నుంచి రావాలి. ఈసారి ప్రతి కిట్‌లోంచి ఒక వాషరు సీసాలో నానేసి చూశాకే బిగిస్తాను, దాంతో ఒక రోజు అదనంగా పడుతుంది. మజూరీ తీసుకోను, కిట్ల డబ్బూ నాదే. మరీ అవసరమున్నవాళ్లకు నా సొంత మోటార్లు రెండున్నాయి, ముందు ఆ కిట్లు వేసిన మోటార్లు తీసుకెళ్లిన ఇద్దరికీ, తర్వాత ఎవరడిగితే వాళ్లకు. వేరే షాపుకు తీసుకెళ్తామంటే సంతోషంగా తీసుకెళ్లండి, అడ్వాన్సు అప్పటికప్పుడే ఇచ్చేస్తాను. కాకపోతే అక్కడ వేసే వాషరు ఎవరి దగ్గర కొన్నదో ఒక్కసారి అడగండి.

ముందే తీసుకెళ్లిన ఐదుగురిలో ఇద్దరు స్టార్టవ్వడం లేదని ఫోన్ చేశారు. నా గుండె జారిపోయింది. బండేసుకుని వెళ్తే ఒకాయన ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తిప్పలేదు, ఇంకొకాయన మోటారును ఆపే కిల్ స్విచ్‌లో ఎర్ర క్లిప్పు పెట్టకుండా అరగంట నుంచి తాడు లాగుతున్నాడు. కాబట్టి నాకు ఫోన్ చేసేముందు క్లిప్పు ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా, గాలి స్క్రూ తెరిచారా చూడండి. పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బును బాణం గుర్తు మోటారు వైపు ఉండేలా నిలువుగా పట్టుకుని గట్టిపడేదాకా నొక్కండి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే పైపులోకి ఎక్కడో గాలి వస్తోంది, లేదా ట్యాంకులో పెట్రోలే లేదు. బల్బు గట్టిపడ్డాక ఇరవైసార్లు లాగి, ప్లగ్గు విప్పితే పొడిగా ఉందంటే పెట్రోలు అందడం లేదు, తడిగా ఉంటే నిప్పు రావడం లేదు. ఆ ముక్క ఫోన్‌లో చెబితే నేను ఏ సామాను పట్టుకుని రావాలో తెలుస్తుంది. స్టార్టయ్యాక పక్క నుంచి నీళ్ల ధార రాకపోతే వెంటనే ఆపేయండి, మోటారును చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, ఎండి గట్టిపడి ఉంటుంది.

శుక్రవారం తర్వాత రండి. వచ్చేటప్పుడు పాత ట్యాంకుల్లోది వంపేసి ఖాళీగా తీసుకురండి, జూలై నాటి ఆయిల్ కలిపిన పెట్రోలు ఒక్క చుక్క కూడా మా షెడ్డులోకి రానివ్వను. గ్రూపులో నీళ్లెక్కాయని రాసినాయన మోటారు కూడా ఆ తొమ్మిదిలోనే ఉంది. ఆయనది మొదట చేస్తాను.