సీహాక్ గురించి ఏం చదవాలి?

ఎడిటర్ గారికి నమస్కారం. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చిన పిల్లలు పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ కథ గడగడా చెప్పేస్తారు గానీ 1971 యుద్ధంలో డిసెంబర్ 4న మన విమానవాహక నౌక విక్రాంత్ మీంచి లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడిచేసిన సీహాక్ జెట్‌ల సంగతి చాలామందికి తెలీదు. బ్రిటన్ హాకర్ కంపెనీ డిజైన్ అది, ఒకటే ఇంజిన్, అయినా వేడిగాలి పైపుని రెండుగా చీల్చి రెక్కల మొదట్లోంచి బయటికి వదిలారు, దాంతో వెనకభాగంలో ఇంధనానికి చోటు మిగిలింది, భలే ఆలోచన కదా! చదవాలనుకునేవాళ్లకి నేనైతే ముందు వైస్ అడ్మిరల్ హీరానందాని గారి 'ట్రాన్సిషన్ టు ట్రయంఫ్' చెప్తా, అది మన నేవీ అధికారిక చరిత్ర కాబట్టి కాస్త ఓపిక కావాలి. తర్వాత అప్పట్లో ఇక్కడే తూర్పు నౌకాదళానికి చీఫ్‌గా ఉన్న కృష్ణన్ గారి 'ఎ సెయిలర్స్ స్టోరీ'. రెండూ ఇంగ్లీషే. మన లైబ్రరీల్లో పెట్టించి, ఎవరైనా తెలుగులోకి కూడా తెస్తే బావుంటుంది.

— ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం